ధాత కరువు నుంచి బుడ్డల బూజు దాకా

1876లో వానలు మొహం చాటేశాయి. అది ధాత నామ సంవత్సరం కాబట్టి సీమ జనానికి ఆ కరువు ధాత కరువుగానే గుర్తుండిపోయింది. ఇవాళ కర్నూలు జిల్లాకు పడమటి కొస అయిన ఆదోని అప్పట్లో బళ్లారి జిల్లాలో ఒక తాలూకా. ఎమ్మిగనూరు ఆ తాలూకాలోని ఊరు. 1953లో ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు గానీ ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు బళ్లారి నుంచి విడిపోలేదు. అందుకే ఇక్కడి కరువు చరిత్ర రాసేవాళ్లు రెండు జిల్లాల లెక్కలూ తిరగేయాల్సి వస్తుంది. 1871, 1881 జనాభా లెక్కలను పక్కపక్కన పెట్టి చూస్తే బళ్లారి జిల్లా సుమారు ఐదో వంతు మందిని, కర్నూలు జిల్లా సుమారు పావు వంతు మందిని పోగొట్టుకున్నాయి.

వాళ్లంతా ఏ జబ్బుతో పోయారు? పేగు, కాలేయ రోగాల పరిశోధన చరిత్రను ఈ నేల మీద నిలబడి చూసేవారికి ముందుగా ఎదురయ్యే ప్రశ్న ఇదే. కలరా చాలామందిని తీసుకుపోయింది. జ్వరాలూ తీసుకుపోయాయి. అయితే కలరా కాని విరేచనాలతో, రక్త విరేచనాలతో పోయినవాళ్లు కూడా లెక్కకు మిక్కిలి. వైద్యులను కలవరపెట్టింది ఆ చావులే. గంజి కేంద్రానికి చేరి, కడుపుకింత తిండి దొరికాక కూడా కొందరు కోలుకోలేదు. తిన్నది తిన్నట్టే బయటికి పోయేది.

1877 జనవరిలో భారత ప్రభుత్వ ప్రతినిధిగా సర్ రిచర్డ్ టెంపుల్ మద్రాసు వచ్చి కరువు పనుల కూలిని తగ్గించాడు. మగ కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, పైన కొద్దిపాటి డబ్బు చాలన్నాడు. మద్రాసు శానిటరీ కమిషనర్ విలియం రాబర్ట్ కార్నిష్ దీన్ని గట్టిగా వ్యతిరేకించాడు. ఈ ప్రాంత ప్రజల తిండి అలవాట్లను ఆయన 1860ల నుంచే వివరంగా నమోదు చేస్తూ వచ్చాడు. మట్టి మోసే మనిషికి పౌను గింజలు చాలవనీ, పప్పు లేని తిండితో కండ కరుగుతుందనీ, సగం ఆకలితో ఉన్న ఒంటికి ముందుగా పట్టుకునేవి విరేచనాలేననీ ఆయన వాదన. కొన్ని నెలలకే కూలి పెంచక తప్పలేదు. ఆ వివాదాన్ని ఆర్థిక చరిత్రకారులు చాలాసార్లు చర్చించారు. నా దృష్టిలో మాత్రం అది వైద్య చరిత్రకు చెందిన ఘట్టం. పేగు జబ్బుకు మూలం పళ్లెంలో ఉందని ఒక వైద్యాధికారి ప్రభుత్వంతో తలపడి చెప్పిన సందర్భం అది.

కార్నిష్ లెక్కలతో చెప్పినదాన్ని అలెగ్జాండర్ పోర్టర్ శవపరీక్ష బల్ల మీద చూశాడు. మద్రాసు కరువు శిబిరంలో చనిపోయినవారి దేహాలను కోసి, గుండె, కాలేయం, ప్లీహం ఒక్కొక్కటే తూచి రాసుకున్నాడు. ఆ పరిశీలనలను 1889లో పుస్తకంగా అచ్చు వేయించాడు. కాలేయం బరువు తగ్గిపోయి ఉంది. పేగు గోడ పలచబడింది. తిండిని పీల్చుకోవలసిన లోపలి పొర అరిగిపోయింది. ఆకలి పేగునే తినేస్తే ఆ తర్వాత పెట్టిన అన్నం ఒంటికి పట్టదన్నది ఆ వివరాల సారం. గంజి కేంద్రంలో తిన్నవాళ్లు కూడా ఎందుకు పోయారో దాంతో తెలిసింది. బతికుండగా ఎవరూ చాలినన్ని గింజలు తూచి పెట్టని మనుషుల కాలేయాలను చచ్చాక ఇంత జాగ్రత్తగా తూచారన్న సంగతి ఆ పుస్తకం గురించి తలుచుకున్నప్పుడల్లా నన్ను బాధపెడుతుంది. అయినా పోర్టర్ పని విలువ తక్కువ కాదు. ఆకలి శరీరాన్ని ఏం చేస్తుందో రాసిన తర్వాతి తరం శాస్త్రజ్ఞులు ఆయన అంకెలను వాడుకున్నారు.

దాదాపు నూరేళ్ల తర్వాత వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీలో సెల్విన్ బేకర్, వి.ఐ. మాథన్ ఇంకో అడుగు వేశారు. చుట్టుపక్కల ఊళ్లలో స్ప్రూ అనే దీర్ఘకాలిక విరేచనాల జబ్బు ప్రబలితే దాన్ని పరిశోధించారు. పనిలో పనిగా ఏ జబ్బూ లేదనుకున్న పల్లె జనం పేగులనూ పరీక్షించారు. ఆరోగ్యవంతుల పేగు లోపల వేళ్లలా నిలిచి ఉండాల్సిన సన్నని మొలకలు వీళ్లలో చాలామందికి కురచబారి, మొద్దుబారి కనిపించాయి. కరువు లేని ఏడు కూడా మురికి నీళ్లు, పదేపదే వచ్చే విరేచనాలు పేగును అలా అరగదీస్తాయని ఇప్పుడు పరిశోధకులు భావిస్తున్నారు.

ఇక కాలేయం సంగతి. ఆదోని మార్కెట్ యార్డు అనగానే పత్తి గుర్తొస్తుంది. దాని వెంటే బుడ్డలు, నూనె మిల్లులు. ఈ వేరుశనగ మీదనే 1960లో ఇంగ్లండులో అనుమానం పడింది. బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి కలిసిన దాణా తిని లక్షకు పైగా టర్కీ కోళ్లు చచ్చాయి. కారణం ఆస్పర్‌జిల్లస్ ఫ్లేవస్ అనే బూజు, అది విడిచే అఫ్లటాక్సిన్ విషం. కాయ ఊరే వేళ బెట్ట తగిలినా, పీకిన కాయ సరిగా ఎండకముందే వాన పడినా ఈ బూజు గింజలోకి దిగుతుంది. పడమటి కర్నూలులో ఆ రెండూ మామూలే.

మాంసకృత్తులు చాలని పిల్లలకు చవకలో వేరుశనగ పిండి పెట్టాలని దేశమంతా ఆలోచిస్తున్న రోజులవి. కూనూరు నుంచి హైదరాబాదుకు తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల, నేటి జాతీయ పోషకాహార సంస్థ, ఆ సమస్యను చేపట్టింది. సి. గోపాలన్ సారథ్యంలో తుల్పులే, మాధవన్ కోతి పిల్లలకు అఫ్లటాక్సిన్ పెట్టి కాలేయం దెబ్బతినడం చూపారు. మాంసకృత్తులు తక్కువైన కోతులకు దెబ్బ మరింత గట్టిగా తగిలింది. అంటే ఆ పిండి ఎవరికోసమని తలపెట్టారో వాళ్లకే ప్రమాదం ఎక్కువ. ఎలుకల్లో మాత్రం కథ అడ్డం తిరిగింది: తక్కువ మాంసకృత్తులు తిన్నవాటి కాలేయం త్వరగా చెడింది గానీ, క్యాన్సర్ గడ్డలు లేచింది ఎక్కువ తిన్నవాటిలో. ఈ చిక్కుముడి మీద శాస్త్రజ్ఞులు చాలాకాలం వాదించుకున్నారు. 1971లో మైసూరు నుంచి వచ్చిన నివేదిక వాదనకు అందనిది. పోషకాహారమని పెట్టిన వేరుశనగ పిండిలో ఈ విషం చేరి, ఆ పిండి తిన్న పిల్లల కాలేయాలు గట్టిపడ్డాయి.

1974 చివర్లో రాజస్థాన్‌లోని బాంస్వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల ఆదివాసి పల్లెల్లో కామెర్లు, పొట్ట ఉబ్బడం ఒక్కసారిగా మొదలయ్యాయి. 397 మందికి జబ్బు చేస్తే 106 మంది చనిపోయారు. హైదరాబాదు సంస్థ నుంచి కృష్ణమాచారి, రమేశ్ భట్ బృందం వెళ్లి ఇళ్లలో నిల్వ ఉన్న మొక్కజొన్న చూసింది. అకాల వానకు తడిసి బూజు పట్టిన గింజలవి. ఆ ఇళ్ల తిండి తిన్న కుక్కలకూ అదే జబ్బు వచ్చింది. అంటురోగం కాదు, తిండేనని తేల్చడానికి ఆ కుక్కలు కూడా సాక్ష్యమయ్యాయి. ఆస్పత్రి మంచం దగ్గర ఆగిపోకుండా గాదె దాకా వెళ్లడం ఈ పరిశోధన గొప్పదనం.

ఆ తర్వాత పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ చవకైన పరీక్షతో గింజలోని విషాన్ని కొలిచే పద్ధతిని అనంతపురం రైతుల దగ్గరికి తెచ్చింది. చీడ తగిలిన కాయలను ఏరేయడం, తిరగేసి ఎండబెట్టడం వంటి పనులు ఇప్పుడు వ్యవసాయ అధికారులు చెప్పే జాగ్రత్తల్లో చేరాయి. కాకపోతే ఏరేసిన ముడుచు గింజ ఎక్కడికి పోతోందో ఎవరూ పెద్దగా అడగరు. చాలావరకు అది మిల్లుకు వెళుతుంది. మిగిలిన చెక్క పశువుల తొట్టిలో పడుతుంది. తిన్న విషంలో కొంత రూపు మార్చుకుని పాలలోకి వస్తుంది.

హెపటైటిస్ బి టీకాను 1997లో హైదరాబాదు శాంతా బయోటెక్నిక్స్ చవకగా తయారుచేశాక కాలేయ జబ్బులపై మరో దారి తెరుచుకుంది. పేగుల విషయానికొస్తే, ఇటీవల హైదరాబాదు పరిశోధకులు క్రోన్స్, అల్సరేటివ్ కోలైటిస్ వంటి పేగు వాపు జబ్బులు నగరాలకే పరిమితం కావనీ, తెలంగాణ పల్లెల్లోనూ ఉన్నాయనీ గుర్తించారు. మన దేశంలో క్రోన్స్‌ను పేగు క్షయ నుంచి విడదీయడం కష్టం. ఒకటి అనుకుని మరొకదానికి మందిస్తే మనిషి నష్టపోతాడు. ఎమ్మిగనూరు మగ్గం ముందు కూర్చునే మనిషికి నెలల తరబడి విరేచనాలైతే ఆ తేడా తేల్చే పరీక్షకు కర్నూలు వెళ్లాలి, లేదా బళ్లారి, హైదరాబాదు. ఆదోని వైద్య కళాశాలకు 2021 మే 31న శంకుస్థాపన జరిగింది. దానికి ముందు, ఏప్రిల్‌లో, అదే పట్టణంలో కలుషిత నీళ్లు తాగిన జనం అతిసారంతో ఆస్పత్రి పాలయ్యారు. ఆ కళాశాలలో పరిశోధన మొదలైన రోజున మొదటి నమూనా కుళాయి నుంచి తీయాలి, రెండోది మార్కెట్ యార్డులోని బుడ్డల రాశి నుంచి.