తెర వెనుక గొంతు, తెర ముందు పాత్ర: సురభి స్త్రీలు

తెలుగు నాటకరంగంలో స్త్రీ పాత్రపోషణ అనగానే విమర్శకులకు మొదట స్ఫురించేది స్థానం నరసింహారావు గారి సత్యభామ. ‘శ్రీకృష్ణ తులాభారం’లోని ఆ పాత్రను, రోషనారను, ‘కన్యాశుల్కం’లోని మధురవాణిని ఆయన పోషించిన తీరు అనితరసాధ్యమని పెద్దలందరూ అంగీకరించారు. 1956లో ఆయనకు పద్మశ్రీ లభించింది. ఆ గౌరవం సముచితమే. అయితే ఆ ప్రశంస వెంట మరొక మాట కూడా చరిత్ర గ్రంథాలలో స్థిరపడిపోయింది. స్త్రీలు రంగస్థలం ఎక్కని కాలం కనుక పురుషులే ఆ వేషాలు ధరించవలసి వచ్చిందన్నది ఆ మాట. పట్టణాలలోని విద్యావంతుల నాటక సమాజాల విషయంలో అది నిజం. తెలుగుదేశం మొత్తానికి అన్వయిస్తే మాత్రం నిజం కాదు. స్థానం వారు వేషం కట్టడానికి ఎంతో ముందే, ఊరూరా డేరాలు వేసుకొని తిరిగిన ఒక సమాజంలో సీతగా, ద్రౌపదిగా, దమయంతిగా స్త్రీలే నటించేవారు. కృష్ణుని వేషం కూడా వారే కట్టిన సందర్భాలున్నాయి.

ఆ సమాజం సురభి. కడప జిల్లాలో పూర్వం సొరుగు అని పిలిచిన ఒక చిన్న గ్రామం దానికి పేరిచ్చింది. 1885లో ఆ గ్రామంలో వనారస గోవిందరావు, ఆయన సోదరులు ‘కీచకవధ’ను ప్రదర్శించటంతో సురభి చరిత్ర ఆరంభమైంది. వారు మహారాష్ట్ర మూలాలు గల కుటుంబాలవారు. అంతకు ముందు వారి వృత్తి తోలుబొమ్మలాట.

ఈ చివరి విషయాన్ని చరిత్రకారులు సాధారణంగా ఒక వాక్యంతో దాటవేస్తారు. నిజానికి అసలు కీలకం అక్కడే ఉన్నది. తోలుబొమ్మలాట ఒక మనిషి చేసే పని కాదు, ఒక కుటుంబం చేసే పని. బిగించి కట్టిన తెల్లని తెర వెనుక దీపపు వెలుగులో పురుషులు బొమ్మలను ఆడిస్తూ పురుషపాత్రల సంభాషణలు చెబుతారు. స్త్రీ పాత్రల పాటలు, మాటలు, ఏడుపులు, ఎత్తిపొడుపులు ఇంటి ఆడవారి గొంతు నుంచే రావాలి. సీత విలాపాన్ని రాగయుక్తంగా పలికి, మరుక్షణమే బంగారక్క సరసోక్తికి గొంతు మార్చగల నేర్పు ఆ స్త్రీలకు తల్లుల నుంచి సంక్రమించేది. వేలాది పద్యాలు వారికి కంఠస్థం. బొమ్మ స్థానంలోకి మనిషి వచ్చిననాడు, ఆ కుటుంబాలకు స్త్రీ పాత్రధారుల కోసం ఎక్కడో వెదకవలసిన అవసరం కలుగలేదు. తెర వెనుక ఉన్న గొంతు తెర ముందుకు వచ్చింది, అంతే. సంఘసంస్కరణ వేదికల మీద తీర్మానాలు చేసి సాధించిన మార్పు కాదది. ఒక వృత్తి తన సహజగతిలో వేసిన అడుగు. బహుశా అందుకే సంస్కరణ చరిత్రలో దానికి చోటు దక్కలేదు.

లోకనిందకు వారు ఇచ్చిన సమాధానం కూడా ఆ కుటుంబ వ్యవస్థలోనే ఉన్నది. నటిని చిన్నచూపు చూసే కాలమది. సురభి రంగస్థలం మీద తండ్రి, తల్లి, కోడలు, అల్లుడు, మనుమడు కలిసే కనిపించేవారు. గోవిందరావుకు ముగ్గురు కుమారులు, పదిమంది కుమార్తెలు. కుమార్తెల వివాహాలతో అల్లుళ్ల కుటుంబాలు సమాజంలో భాగమయ్యాయి, శాఖలు విస్తరించాయి. కొత్త సమాజాలు పురుషుల పేర్లతో చలామణి అయినా, ఒక డేరా నుంచి మరొక డేరాకు పాటను, అభినయాన్ని మోసుకొని వెళ్లినవారు ఎక్కువగా ఆ ఇంటి ఆడపడుచులే. పగలు వంట, పిల్లల పెంపకం, దుస్తుల మరమ్మతు. సాయంత్రం ముఖానికి రంగు. 1929లో తెనాలిలో గోవిందరావు ఆధ్వర్యంలో నాటక కళాపరిషత్తు సమావేశమైనపుడు, నాటక కళ భవిష్యత్తును గురించి ఎన్నో ఉపన్యాసాలు జరిగాయి. ఆ కళను మోస్తున్న స్త్రీల పేర్లు మాత్రం ఆ చరిత్రలో అరుదుగా వినిపిస్తాయి.

వినిపించిన కొద్ది పేర్లలో కమలాబాయి ఒకరు. ఆమె 1907 ప్రాంతంలో జన్మించారు. తల్లి వెంకుబాయి దమయంతి పాత్ర ధరించి ఉండగా నొప్పులు వచ్చాయని, తెర దించిన రంగస్థలం మీదనే శిశువు జన్మించిందని సురభి కుటుంబాలలో చెప్పుకొంటారు. పురిటి దినం వరకు వేషం కట్టక తప్పని జీవనాన్ని ఈ కథ ఎంత సహజంగా చెబుతున్నదో గమనించాలి. కమలాబాయి బాల్యంలో కృష్ణుడు, ప్రహ్లాదుడు వంటి వేషాలు ధరించి, వయసు వచ్చాక నాయిక అయ్యారు. హెచ్.ఎం. రెడ్డి బొంబాయిలో తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ నిర్మాణానికి పూనుకొన్నప్పుడు, ధర్మవరం రామకృష్ణమాచార్యుల నాటకం ఆధారమైంది, సురభి నటులు ఆధారమయ్యారు. లీలావతి కమలాబాయి. నేపథ్యగానం లేని రోజులు కనుక నటి తానే పాడాలి. డేరా చివర కూర్చున్న ప్రేక్షకునికి సైతం వినిపించేలా పాడటానికి అలవాటుపడిన గొంతుకు అది కష్టమనిపించి ఉండదు.

ఆ చిత్రం విడుదల తేదీ మీద పెద్ద చర్చ జరిగింది. చాలాకాలం 1931 సెప్టెంబరు 15 అని నమ్మారు. 1932 ఫిబ్రవరి 6 అని తరువాత ఆధారాలతో తేల్చారు. తేదీ కోసం పడిన శ్రమలో కొంత కథానాయిక కోసం కూడా పడి ఉంటే బాగుండేది.

ఆ తరువాత ఆమె ‘పాదుకా పట్టాభిషేకం’, ‘శకుంతల’ చిత్రాలలో నాయికగా నటించారు, బొంబాయిలో హిందీ చిత్రాలలోనూ పనిచేశారు. 1951 నాటి ‘పాతాళభైరవి’లో తోటరాముని తల్లి ఆమే. ఆ చిత్రాన్ని ఎన్నోసార్లు చూసినవారిలోనూ, ఆ తల్లి తొలి తెలుగు టాకీ నాయిక అని ఎరిగినవారు తక్కువ. స్థానం నరసింహారావు గారు, కమలాబాయి ఇద్దరూ 1971లోనే కన్నుమూశారు.

సినిమా సురభి డేరాల నుంచి నటులను తీసుకొన్నది, ఆపైన ప్రేక్షకులను తీసుకొన్నది. సమాజాలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. మిగిలినవారిలో రేకందార్ నాగేశ్వరరావు, ‘బాబ్జీ’గా ప్రసిద్ధులు, 1937లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నిలిపి ఉంచారు. 2013లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన మరణించారు.

1990ల దశకంలో బి.వి. కారంత్ సురభి కళాకారులతో శిక్షణ శిబిరాలు నిర్వహించి కొత్త నాటకాలు చేయించారు. వాటిలో ఒకటి జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ రచనకు అనుసరణ అయిన ‘బస్తీ దేవత యాదమ్మ’. మంచితనంతో బ్రతకలేక పురుషవేషం ధరించి లోకాన్ని ఎదుర్కొనే స్త్రీ కథ అది. ఆధునిక నాటకం ఆ ఇంటికి కొత్తదే కావచ్చు. పురుషవేషం మాత్రం ఆ ఇంటి స్త్రీలకు తాతముత్తాతల నాటి నుంచీ తెలిసినదే.