పాపమెరుగని పురుగు

మన తిట్లన్నిటిలోకి ఘోరమైనది ఏదంటే "పురుగులు పడి పోతావ్" అన్నదే అంటాను నేను. కుళాయి దగ్గర బిందెల తగాదాలో సైతం ఆ మాట పడేసరికి ఎదుటి మనిషి మొహం పాలిపోతుంది. చావుకంటే ఆ పురుగుకే మనకు భయమెక్కువ. చేసిన పాపం ఒంట్లోంచి పురుగై బయటికొస్తుందని నమ్మకం మరి! ఇంతకీ ఆ పురుగు ఒంట్లో పుడుతుందా, బయటినుంచి వస్తుందా? ఈ చిన్న ప్రశ్నకు పెద్ద చరిత్రే ఉందండీ.

మన సుశ్రుతుడి వైద్యగ్రంథంలో దీనికి జవాబు ఏనాడో ఉంది. ఈగలు పుండుమీద వాలి పురుగులు పెడతాయనీ, పైన మాంసపు ముక్క కప్పి, పురుగులు దానికి పట్టాక తీసెయ్యవచ్చుననీ అందులో చెప్పారు. ఐరోపాలో మాత్రం కుళ్ళిన మాంసంలో పురుగులు వాటంతటవే పుడతాయని చాలాకాలం అనుకున్నారు. 1668లో ఇటలీ వైద్యుడు ఫ్రాన్సెస్కో రెడీ పాత్రల్లో మాంసం పెట్టి, కొన్నిటికి పల్చటి గుడ్డ కట్టి, కొన్నిటిని తెరిచి ఉంచాడు. తెరిచిన వాటిలోనే పురుగులు పట్టాయి. చేపముక్కల గిన్నెమీద మూత పెట్టే ఇల్లాలికి ఇందులో వింతేముంది అంటారా? నిజమే. కాని పండితులను ఒప్పించడానికి అన్ని పాత్రలు కావలసి వచ్చాయి!

ఇక మన ఊళ్ళకు వద్దాం. కరీంనగర్, ఆదిలాబాద్ - అంటే 2016లో ముక్కలు కాకముందున్న ఆ రెండు పెద్ద జిల్లాలు - గొల్లకురుమల మందలకూ, నల్లరేగడి దున్నే ఎడ్లకూ పేరు. పొలాల అమావాస్యనాడు ఆదిలాబాద్ గూడేల్లో ఎడ్లను కడిగి, అలంకరించి పూజిస్తారు. అది వానాకాలం, ఈగల కాలం కూడాను. కాడి ఒరిసి మెడ పుండుపడినా, గాలికుంటు వచ్చి గిట్టలు చీలినా, అప్పుడే పుట్టిన దూడ బొడ్డు పచ్చిగా ఉన్నా, నీలం కలిసిన ఆకుపచ్చ రంగులో మిలమిలలాడే ఈగ ఒకటి వచ్చి వాలుతుంది. జోరీగలా కుట్టదు, నొప్పి తెలియనివ్వదు. పుండు అంచున నూటికి పైగా గుడ్లు పెట్టి తన దారిన తాను పోతుంది. ఒక్కరోజులోపే గుడ్లు పగిలి, పురుగులు తలకిందులుగా, మరమేకు దిగినట్టు బతికున్న కండలోకి దిగుతాయి. వారంలోపు తెగబలిసి, నేలమీద పడి, మట్టిలో దూరి మళ్ళీ ఈగలవుతాయి. ఈలోగా పట్టించుకోకపోతే దూడ దక్కదు. క్రైసోమియా బెజియానా అని దీనికి శాస్త్రజ్ఞుల పేరు.

జగిత్యాల దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఒక ముసలి కురుమ ఉండేవాడు. దూడ బొడ్డులో పురుగు పడితే సీతాఫలం ఆకు నూరి, పసరుతో సహా పుండులో కూరి కట్టు కట్టేవాడు. "ఏం పాపం చేసిందిరా ఈ దూడ?" అని అమ్మమ్మ నొచ్చుకుంటే, "ఈగ నెత్తురు సూసి వస్తది గాని పాపం సూసి వస్తదా అవ్వా!" అనేవాడు. సీతాఫలం ఆకులోనూ గింజలోనూ పురుగులను చంపే పదార్థాలున్నాయని తరువాత రసాయన శాస్త్రజ్ఞులూ తేల్చారు. పేలకు గింజల పొడి రాసేవారు కంట్లో పడకుండా చూసుకోమనేది అందుకే. జాతీయ పాడి అభివృద్ధి సంస్థ వారు కూడా పురుగుపట్టిన పుండుకు మొదటిరోజు సీతాఫలం ఆకుముద్దగాని, కర్పూరం కలిపిన కొబ్బరినూనెగాని వాడమంటున్నారు. ఇప్పుడు కోరుట్లలో పశువైద్య కళాశాలే ఉంది. ముసలాయన ఉంటే సంతోషించేవాడు.

ఇంత కీడు చేసే ఈగకు మేలు చేసే చుట్టాలు కూడా ఉన్నాయంటే నమ్ముతారా? మొదటి ప్రపంచయుద్ధంలో, 1917లో, విలియం బేర్ అనే అమెరికా డాక్టరు దగ్గరికి ఏడురోజులు యుద్ధభూమిలో పడి ఉన్న ఇద్దరు సైనికులను తెచ్చారు. తొడ ఎముకలు విరిగాయి, పుండ్ల నిండా పురుగులు. కాని జ్వరం లేదు! పురుగులు కడిగేస్తే లోపల గులాబిరంగు కండ. ఆ జాతి పురుగులు చచ్చిన కండనే కరిగించి తిని, బతికిన కండను వదిలేశాయన్న మాట. 1928లో ఆయన ఎముక కుళ్ళిన పిల్లలకు ఈ వైద్యం మొదలుపెట్టాడు. కొందరు రోగులకు ధనుర్వాతం వచ్చేసరికి, గుడ్లను మందునీళ్ళతో శుభ్రం చేసి పెంచడం నేర్చుకున్నారు. 1940ల్లో పెన్సిలిన్ వచ్చి ఈ పద్ధతిని మూలకు నెట్టింది. మందులకు లొంగని పుండ్లు పెరిగాక మళ్ళీ పురుగే గుర్తొచ్చింది. 2004లో అమెరికా ప్రభుత్వం దీనికి అనుమతి ఇచ్చింది. అయితే అవి ప్రయోగశాలలో పెంచినవి సుమా, మన పెంటకుప్పమీద ఈగ సంతానం కాదు!

సాక్ష్యం చెప్పడంలోనూ ఈగ ఘటికురాలే. 1247లో చైనా న్యాయాధికారి సోంగ్ త్సి రాసిన పుస్తకంలో ఒక హత్య కథ ఉంది. ఊళ్ళోవాళ్ళ కొడవళ్ళన్నీ ఎండలో వరసగా పెట్టిస్తే, ఈగలు ఒక్కదానిమీదే మూగాయట. నెత్తురు కడిగేసినా వాసన పోలేదు, హంతకుడు దొరికిపోయాడు. నేటి పరిశోధకులు శవంమీద పురుగు వయసునుబట్టి, ఆనాటి వేడినిబట్టి, మనిషి పోయి కనీసం ఎన్ని రోజులైందో లెక్కకడుతున్నారు.

ఇదంతా చెప్పడం ఎందుకంటే, ఇప్పటికీ మన ఇళ్ళలో పురుగు పట్టిన పుండును దాచిపెట్టేవాళ్ళున్నారు. చక్కెరవ్యాధితో కాలు స్పర్శ తెలియని మామగారు, మంచంపట్టిన అత్తగారు, తలపుండు గోక్కునే పసిపిల్ల - వీళ్ళ పుండులో తెల్లగా ఏదో కదిలితే, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారోనని తలుపులు మూసేస్తాం. ఆ దాచిన రెండు మూడు రోజుల్లోనే పురుగు లోతుకు పోతుంది. అది నిన్నటి ఈగ పెట్టిన గుడ్డు, అంతే. పుండును శుభ్రమైన గుడ్డతో కప్పండి, పగటిపూట కూడా దోమతెర కట్టండి, పురుగు కనబడిన రోజునే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. దారిలో ఎవరైనా అడిగితే ఈగ వాలిందని చెప్పండి. నిజం కూడా అదే కదా!