సీసపు పోత – కొండాపూర్ మూసలు

ములుగు ప్రాంతపు చెరువుల్లో విసురు వల వేసేవారు దాని అంచున వరుసగా గుండ్లు కడతారు. నీటిమీద విచ్చుకొని పడిన వలను వెంటనే అడుగుకు లాగేది వాటి బరువే. ఈ పనికి సీసము ఎంతో అనువైన లోహము. ఒక ఘన సెంటీమీటరు ఇనుము సుమారు 7.9 గ్రాములు తూగితే, అంతే సీసము 11.3 గ్రాములు తూగుతుంది. పైగా రాగిని కరగించడానికి 1085 డిగ్రీల సెంటీగ్రేడు వేడి కావాలి. సీసము 327 డిగ్రీలకే కరుగుతుంది. కొలిమి, తిత్తి లేకపోయినా కట్టెల మంట చాలును.

కరిగిన సీసాన్ని దేనిలో పోయాలి? అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. మట్టిలో గుంట చేసి పోస్తే ఖర్చు లేదు. కాని ఆ బిళ్ళ పైముఖము చదునుగా ఉండి, చల్లారేటప్పుడు నడుమ కొద్దిగా కుంగుతుంది. గడ్డకట్టేటప్పుడు సీసము తన ఘనపరిమాణంలో నూటికి మూడు పాళ్ళకు పైగా తగ్గిపోవడమే ఇందుకు కారణము. వలగుండుకు ఈ లోపము లెక్కలోనిది కాదు. ఇరువైపులా రూపము కావాలంటే రెండు చెక్కల మూస చేయాలి. రాతితోనో ఇనుముతోనో చేసిన మూస సీసపు వేడికి చెడదు, ఎన్నిసార్లయినా పనికివస్తుంది. దానిని తొలచడమే కష్టము. పది గుండ్లకోసము ఎవరూ ఆ శ్రమ పడరు. ఆదిలాబాదు ప్రాంతపు ఓజాలు ఇత్తడి బొమ్మలకు వాడే మైనపు పద్ధతిలో ప్రతి బొమ్మకూ ఒక కొత్త మైనపు రూపము చేయాలి, చివరకు మూసను పగలగొట్టాలి. బొమ్మకు అది తగినదే. గుండుకు అంత పని దండుగ.

వేలకొద్దీ ఒకే రూపము కావలసినప్పుడు ఏమి చేయాలన్నది పూర్వము నాణేలు చేసేవారికి ఎదురైన ప్రశ్న. శాతవాహనుల నాణేలలో సీసపువి విస్తారము. ములుగు 2016 వరకు మెదక్ జిల్లాలోనిదే. ఆ పాత జిల్లాలోనే, నేటి సంగారెడ్డి జిల్లాలో, కొండాపూర్ ఉన్నది. హైదరాబాదు సంస్థానపు పురావస్తు శాఖ 1940 తరువాత అక్కడ త్రవ్వించగా శాతవాహనుల నాణేలతోపాటు మట్టి మూసలు కూడ బయటపడినవి.

ఇటువంటి మూసలను శాస్త్రీయంగా పరిశీలించినవాడు ఒక వృక్షశాస్త్రజ్ఞుడు కావడము విశేషము. శిలాజ వృక్షాల పరిశోధనలో పేరు పొందిన బీర్బల్ సాహ్నీకి 1936లో రోహతక్ దగ్గర మట్టిబిళ్ళలు దొరికినవి. ఒక్కొక్క బిళ్ళ నడుమ ఒక రంధ్రము, దాని చుట్టూ ఎనిమిది నాణేల గుంటలు, రంధ్రము నుండి గుంటలకు సన్నని కాలువలు. బిళ్ళలను ఒకదానిపై ఒకటి పేర్చి, పైన మట్టి మెత్తి, పైరంధ్రములో లోహము పోసేవారు. ఒక్క పోతకు నాణేలు గుత్తులుగా వచ్చేవి. ఈ పద్ధతిపై ఆయన గ్రంథము 1945లో వెలువడినది.

కొండాపూర్ మూసలలో విద్ధాంక నాణేలవి కూడ ఉండడము ఆలోచింపజేస్తుంది. ఆ నాణేలు పోతవి కావు. వెండిరేకు ముక్కలపై వేర్వేరు ముద్రలు కొట్టి చేసేవారు. అటువంటి నాణెమును మట్టిలో అదిమి మూస తీసినవారు టంకశాల పనివారా, దొంగనాణేలు చేసేవారా? మూసను మాత్రమే చూసి చెప్పలేము. పోతపనివానికి సులభమైన పద్ధతి మోసగానికీ సులభమే. సీసము విషయములో ఇది మరీ నిజము: వంటపొయ్యి, గుప్పెడు మట్టి, ఒక అసలు నాణెము ఉంటే చాలు. మెత్తని సీసపు బిళ్ళపై లోహపు ముద్రతో కొట్టే పద్ధతికి, ఆ ముద్ర ఒకరి అధీనంలో ఉంటుంది గనుక, విలువ ఎక్కువ.

నాణెమే కొంత సాక్ష్యము చెబుతుంది. కొట్టిన నాణెముపై ముద్ర తరచు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, అంచు చిట్లి ఉంటుంది. పోసిన నాణెపు అంచున కాలువ తుంచిన మొటిమ, ఒంటిమీద గాలిబుడగల గుంటలు, మొద్దుబారిన గీతలు కనిపిస్తాయి.

ఈ తేడాను తరగతిలో చూపడానికి సీసము వాడరాదు. దాని పొగ, ధూళి విషము. తడిమూసలో పోస్తే నీరు ఒక్కసారి ఆవిరై కరిగిన లోహము ముఖాన చిమ్ముతుంది. మైనము చాలును. పాత నాణెమును బంకమట్టిలో అదిమి తీసి, మట్టి ఆరిన తరువాత ఉపాధ్యాయుడే కరిగిన మైనము పోసి, చల్లారిన బిళ్ళను అసలు నాణెముపై పెట్టి చూపవచ్చు. ఆరిన మట్టీ, గడ్డకట్టిన మైనమూ రెండూ కుంచించుకుపోవడం వల్ల నకలు అసలుకంటె కాస్త చిన్నదిగా తేలుతుంది.