పోట్స్ రోగుల జీవన నాణ్యత

పడుకున్నప్పుడు మామూలుగా ఉన్న గుండె, లేచి నిలబడగానే పరుగెత్తినట్టు కొట్టుకునే రుగ్మతను వైద్యులు పోస్చురల్ ఆర్థోస్టాటిక్ టాకీకార్డియా సిండ్రోమ్ అంటారు, క్లుప్తంగా పోట్స్. నిలబడిన 10 నిమిషాల్లోపు గుండె వేగం నిమిషానికి 30 కానీ అంతకుమించి కానీ పెరగాలి. 12 నుంచి 19 ఏళ్ళ వాళ్ళలో ఆ పెరుగుదల 40 ఉండాలి. రక్తపోటు మాత్రం పెద్దగా పడిపోకూడదు, బాధలు కనీసం మూడు నెలలుగా ఉండాలి. ఇవి నిర్ధారణకు పెట్టుకున్న అంకెలు. రోగి చెప్పేవి వేరు: కళ్ళు బైర్లు కమ్మడం, గుండెదడ, తల దిమ్ముగా ఉండటం, చదివింది బుర్రకెక్కకపోవడం, ఎంత పడుకున్నా తీరని నీరసం. సాధారణంగా ప్రాణం తీసే జబ్బు కాదు. అదే దాని దురదృష్టం. చంపని జబ్బుతో మనిషి ఎలా బతుకుతున్నాడో కొలిచి చూడాలన్న ఆలోచన వైద్యానికి చాలా ఆలస్యంగా వచ్చింది.

సైనికుల నుంచి ఆడపిల్లల దాకా

హైదరాబాదులో అబిడ్స్ పక్కనున్న గన్‌ఫౌండ్రీకి ఆ పేరు ఫిరంగుల వల్ల వచ్చింది. నిజాం కొలువులోని ఫ్రెంచి సేనాని రేమండ్ 1795 ప్రాంతంలో అక్కడ ఫిరంగులు పోత పోయించాడు. ఉర్దూలో ఆ చోటు తోప్ కా సాంచా. పోట్స్ చరిత్ర కూడా ఫిరంగుల మోత మధ్యే మొదలైంది, అయితే అది అమెరికా అంతర్యుద్ధపు మోత. ఫిలడెల్ఫియా వైద్యుడు జేకబ్ మెండెస్ డా కోస్టా 300 మంది సైనికులను పరిశీలించి, ఒంటి మీద గాయం లేకపోయినా, గుండెలో లోపం కనబడకపోయినా కవాతుకు నిలవలేని వాళ్ళ గురించి 1871లో రాశాడు. దానికి 'ఇరిటబుల్ హార్ట్' అని పేరు పెట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ హృద్రోగ వైద్యుడు థామస్ లూయిస్ ఇలాంటి సైనికులకే 'ఎఫర్ట్ సిండ్రోమ్' అన్న మాట వాడి, తేలిక కసరత్తుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ వాళ్ళను నిలబెట్టే ప్రయత్నం చేశాడు. ఆ సైనికులందరికీ పోట్సే అని ఇప్పుడు తేల్చి చెప్పడం తగదు. భయం, జ్వరాల తర్వాతి నీరసం, థైరాయిడ్, అన్నీ ఆ గుంపులో కలిసే ఉంటాయి.

1940లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు మెక్లీన్, ఆలెన్ నిలబడితే వచ్చే గుండెదడ గురించి రాసి, తలవైపు ఎత్తు పెట్టిన మంచం మీద పడుకోబెట్టి చూశారు. ఆ మంచం కిటుకు ఇప్పటికీ పనికొస్తోంది. 1982లో రోజెన్, క్రయర్ 'పోస్చురల్ టాకీకార్డియా సిండ్రోమ్' అన్న మాట వాడారు. అదే మేయో క్లినిక్ నుంచి షాన్‌డార్ఫ్, ఫిలిప్ లో 1993లో 16 మంది రోగుల వివరాలతో ఇచ్చిన నిర్వచనంతో జబ్బుకు ఇప్పటి రూపం స్థిరపడింది. 2000లో ఒక కవలల కుటుంబంలో, నరాల చివర నారెపినెఫ్రిన్‌ను వెనక్కి తీసుకునే ప్రోటీన్ జన్యువులో లోపం బయటపడటంతో, కనీసం కొందరిలోనైనా ఇది మనసు కల్పించింది కాదని రుజువైంది.

ఈ నూట ఇరవై ఏళ్ళలో రోగి మారిపోయాడు. సైనికుడి స్థానంలో చదువుకునే అమ్మాయి వచ్చింది. నిలబడలేకపోయిన సైనికుడికి ప్రత్యేక ఆసుపత్రి కేటాయించారు. నిలబడలేకపోయిన అమ్మాయికి 'టెన్షన్' అని రాసి పంపారు. ఈ జబ్బు చరిత్రలో ఇంతకన్నా సిగ్గుపడాల్సిన మలుపు ఇంకోటి లేదు.

బతుకును కొలవడం

1992లో వచ్చిన ఎస్ఎఫ్-36 అనే 36 ప్రశ్నల పట్టిక, మెట్లెక్కగలరా, పనులు చేసుకోగలుగుతున్నారా, నలుగురిలో కలవగలుగుతున్నారా అంటూ ఏ జబ్బు మనిషినైనా ఒకే కొలమానంతో అడుగుతుంది. మేయో క్లినిక్ పరిశోధకులు 2002లో పోట్స్ రోగులను ఈ ప్రశ్నలే అడిగి ఫలితాలు ప్రచురించారు. రోజువారీ జీవితంలో వాళ్ళు పడే ఇబ్బంది దీర్ఘకాలిక ఊపిరితిత్తుల జబ్బు, గుండె వైఫల్యం ఉన్నవాళ్ళు పడే ఇబ్బందికి దగ్గరగా ఉందని తేలింది. అంటే చూడ్డానికి పిడిరాయిలా కనిపించే ఇరవై ఏళ్ళ పిల్ల, ఆక్సిజన్ సిలిండర్ పక్కన కూర్చున్న పెద్దాయన, ఆ పట్టికలో పక్కపక్కనే ఉన్నారు.

2019లో వెలువడిన అతిపెద్ద సర్వేలో 4,835 మంది పాల్గొన్నారు. వాళ్ళలో 94 శాతం స్త్రీలు. లక్షణాలు ఎక్కువగా మొదలైన వయసు 14. జబ్బు పేరు తెలియడానికి సగటున దాదాపు ఐదేళ్ళు పట్టింది. ఈలోపు అది మానసికమేనని వైద్యులు అన్నారని చెప్పినవాళ్ళు నాలుగింట మూడు వంతులు. సమాధానం ఇచ్చినవాళ్ళలో అత్యధికులు అమెరికాలోని తెల్లజాతివారే కాబట్టి మన ఊళ్ళకు ఈ అంకెలను యథాతథంగా అంటగట్టకూడదు. అయినా ఆ 14 అన్న అంకె గన్‌ఫౌండ్రీలో ఎవరినైనా ఆపుతుంది. 1907 నాటి మహబూబియా, దాని చుట్టుపక్కల రోజరీ కాన్వెంటు, చాపెల్ రోడ్డులో స్టాన్లీ, ఇలా ఆడపిల్లల బడులు ఇంత దగ్గరదగ్గరగా ఉన్న పేట నగరంలో అరుదు.

గన్‌ఫౌండ్రీలో నిలబడటం

మనిషి లేచి నిలబడగానే అర లీటరు నుంచి ముప్పావు లీటరు దాకా రక్తం పొట్టలోకి, కాళ్ళలోకి దిగుతుంది. మామూలుగా రక్తనాళాలు బిగుసుకుని దాన్ని పైకి నెడతాయి. పోట్స్‌లో ఆ బిగింపు చాలదు, లేదా ఒంట్లో రక్తమే తక్కువ పరిమాణంలో ఉంటుంది. లోటు పూడ్చడానికి గుండె వేగం పెంచుతుంది. ఎండకు రక్తనాళాలు ఇంకా సాగుతాయి. వేసవిలో 40 డిగ్రీలు దాటే హైదరాబాదులో ఉదయపు ప్రార్థన వరుసలో ఒక పిల్ల తూలి పడిందంటే అందరి నోటా వచ్చే మాట ఒక్కటే: "పొద్దున ఏమీ తినలేదా అమ్మా?" తర్వాత రక్తం తక్కువంటారు. ఆ అనుమానం అకారణం కాదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15-49 ఏళ్ళ స్త్రీలలో 57.6 శాతం మందికి రక్తహీనత ఉంది. రక్తహీనతలోనూ గుండె దడదడలాడుతుంది కాబట్టి ముందు దాన్నే చూడాలి. ఐరన్ మాత్రలు వాడి, హిమోగ్లోబిన్ సరైన చోటికి వచ్చాక కూడా పిల్ల పడిపోతుంటే అప్పుడైనా ఇంకో ప్రశ్న వేయాలి. చాలా ఇళ్ళలో ఆ ప్రశ్న రాదు. నరాల వీక్‌నెస్, గ్యాసు, దిష్టి అన్నవి వరసగా వస్తాయి.

పరీక్షకు యంత్రం ఉండి తీరాలనేం లేదు. టిల్ట్ టేబుల్ మీద 60-70 డిగ్రీల కోణంలో నిలబెట్టి చూడటం పెద్దాసుపత్రుల పద్ధతి. వైద్యుడు కాసేపు పడుకోబెట్టి నాడి, బీపీ చూసి, గోడకు ఆనించి 10 నిమిషాలు నిలబెట్టి మళ్ళీ మళ్ళీ చూసినా తెలుస్తుంది. రోజుకు వందమందిని చూసే ఓపీలో ఆ 10 నిమిషాలే దొరకవు.

ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు పరిచి ఉంటాయి. గొంతుక్కూర్చుని దొంతర తిరగేస్తున్నంతసేపు పోట్స్ మనిషికి హాయిగానే ఉంటుంది, ఎందుకంటే ముడుచుకున్న కాళ్ళు రక్తాన్ని పైకి నెడతాయి. నచ్చిన పుస్తకం పట్టుకుని చటుక్కున లేచినప్పుడే కళ్ళ ముందు చీకటి. ఇక జనవరి 1 నుంచి ఫిబ్రవరి 15 దాకా నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో నుమాయిష్: చలి మంచిదే, టికెట్ వరుస, దుకాణాల మధ్య కదలని జనం మంచివి కావు. అదే మైదానంలో మృగశిర కార్తెకు బత్తిని వారు ఆస్తమాకు చేప ప్రసాదం పంచుతారు. మందు కోసం ఎండలో గంటలకొద్దీ నిలబడటం అక్కడ లెక్కలోకి రాని విషయం. పోట్స్ ఉన్న మనిషికి ఆ వరుసే జబ్బు.

ఇంట్లో అసలు కష్టం వంటగదిలో. మన అమ్మమ్మలు కత్తిపీట మీద కూర్చుని కూర తరిగారు, పొయ్యి ముందు పీట వేసుకుని వండారు. గ్యాసు వచ్చాక పొయ్యి గట్టెక్కింది, ఆడవాళ్ళు నిలబడ్డారు. పీట మీద నుంచి గట్టు దగ్గరకు మారడాన్ని సౌకర్యమనే లెక్కవేశాం. దాని ఖర్చు ఎవరి ఒంటి మీద పడిందో పోట్స్ ఉన్న ఇంటి కోడలు చెప్పగలదు. గట్టు ఎత్తుకు సరిపడే స్టూలు, స్నానానికి పీట, వేడి నీళ్ళకు బదులు గోరువెచ్చని నీళ్ళు: ఈ మూడూ ఉన్న ఇంట్లో ఆమె రోజు నడుస్తుంది. పెద్దల ముందు కోడలు కూర్చుని వండటం మర్యాద కాదనే ఇంట్లో నడవదు.

ఉప్పు, నీళ్ళు, కసరత్తు

హార్ట్ రిథమ్ సొసైటీ 2015లో రోజుకు 2-3 లీటర్ల నీళ్ళు, 10-12 గ్రాముల ఉప్పు సూచించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అందరికీ చెప్పేది 5 గ్రాముల లోపు. బీపీ ఉన్న తండ్రికి ఉప్పు తగ్గించి, కూతురికి పెంచాల్సిన ఇల్లు ఇలా తయారవుతుంది. ఆమె పళ్ళెంలోకి ఆవకాయ, ఆయన పళ్ళెంలోకి చప్పిడి పప్పు. ఉప్పు వేసిన మజ్జిగ ఈ జబ్బుకు మన వంటింట్లో ముందే ఉన్న మందు. అయితే బీపీ, కిడ్నీ సమస్య ఉన్నవాళ్ళు డాక్టరును అడగకుండా ఉప్పు పెంచకూడదు. ఉప్పూ నీళ్ళూ కలిపి అందుకోవడానికి ఓఆర్ఎస్ తాగుదామంటే, ఆ పేరుతో దొరికేవన్నీ ఓఆర్ఎస్ కావన్నది ఇంకో చిక్కు. అసలు పొడి లీటరుకు 2.6 గ్రాముల ఉప్పు, 13.5 గ్రాముల గ్లూకోజు లెక్కన ఉంటుంది. ఆ పేరు పెట్టుకున్న తీపి పానీయాల మీద హైదరాబాదు పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ ఏళ్ళ తరబడి పోరాడారు. 2025 అక్టోబరులో దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి వాటికి ఆ పేరు వాడకూడదని ఆదేశించింది.

కసరత్తు విషయంలో డాలస్ పరిశోధకులు 2010లో, లూయిస్ సైనికుల కాలపు ఆలోచననే కొత్తగా పరీక్షించారు. నిలబడకుండా చేసే వ్యాయామంతో, అంటే వెనక్కి వాలి తొక్కే సైకిలు, పడవ తెడ్డు యంత్రం, ఈత లాంటివాటితో మొదలుపెట్టించారు. మూడు నెలల తర్వాత 19 మందిలో 10 మంది పోట్స్ కొలతల బయటకు వచ్చారు. 2021లో ఇవాబ్రడిన్ మాత్రపై 22 మందితో జరిగిన చిన్న పరీక్షలో గుండె వేగం తగ్గడమే కాక ఎస్ఎఫ్-36 మార్కులూ మెరుగయ్యాయి. పొట్ట దాకా బిగువుగా పట్టే మేజోళ్ళు కూడా పనిచేస్తాయి, కానీ హైదరాబాదు వేసవిలో వాటిని తొడుక్కోమనడం తేలిక, తొడుక్కోవడం కష్టం.

కోవిడ్ తర్వాత

వైరస్ జ్వరం తర్వాత పోట్స్ మొదలవడం కొత్తేమీ కాదు. 2020 తర్వాత కోవిడ్ వెంట అలాంటి పోట్స్ లక్షల ఇళ్ళకు పాకడంతో వైద్యులు దాని వైపు తిరిగి చూశారు. 2022 అక్టోబరు 1 నుంచి అమెరికా జబ్బుల పట్టికలో పోట్స్‌కు జి90.ఎ అన్న సొంత సంకేతం వచ్చింది.

కూర్చునే వీలు

1948 నాటి ఫ్యాక్టరీల చట్టం 44వ సెక్షను, నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని చెప్పింది. బట్టల దుకాణం ఫ్యాక్టరీ కిందికి రాదు. ఆ లోటు పూడ్చడానికి కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల చట్టాలను సవరించి అమ్మకపు సిబ్బందికి కూర్చునే హక్కు ఇచ్చాయి. కోళిక్కోడ్‌లో మహిళా సిబ్బంది ఏళ్ళ తరబడి చేసిన పోరాటం వల్లే కేరళ చట్టం వచ్చింది. ఆ పోరాటంలో పోట్స్ అన్న మాట వినబడలేదు, కాళ్ళ నొప్పులు, మూత్ర సమస్యలు వినబడ్డాయి. మేలు మాత్రం పోట్స్ ఉన్నవాళ్ళకూ జరిగింది. అబిడ్స్ దుకాణదారులు చట్టం అడిగేదాకా ఆగాల్సిన పని లేదు. కౌంటరు వెనక తలా ఒక స్టూలు వేయండి. బడుల్లో ప్రార్థన వరుసలో పడిపోయిన పిల్లను లేపి మళ్ళీ నిలబెట్టకండి. కాళ్ళు ఎత్తుగా పెట్టి పడుకోబెట్టండి. రెండోసారి పడితే ఆమె తల్లిదండ్రులకు గట్టిగా చెప్పండి: నిలబెట్టి నాడి చూసే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళమని.