లిమిట్ లేదంటే లెక్క అయిపోయినట్టేనా?

సికింద్రాబాద్‌లో ఎంసెట్‌కి చదివే రోజుల్లో 1, 0, 1, 0... అనే సీక్వెన్స్ కనిపిస్తే "లిమిట్ లేదు" అని టిక్ పెట్టేసేవాణ్ణి. అసలు కథ అక్కడే మొదలవుతుందని బీటెక్ అయ్యాక గానీ తెలియలేదు.

1−1+1−1... అని కూడుతూ పోతే వచ్చే మొత్తాలే ఇవి. 1703లో ఇటలీలో గ్రాండి దీన్ని చర్చకు పెట్టాడు. జవాబు సగం అన్నాడు లైబ్నిట్జ్. కానీ నిరూపణ ఏదీ?

1890లో చెజారో దారి చూపించాడు: సగటు తీయండి! మొదటి ఎన్ పదాల సగటు, ఎన్ సరిసంఖ్య అయితే సరిగ్గా 1/2. బేసి అయితే దానికంటే 1/(2ఎన్) ఎక్కువ, అంతే. తేడా 0.01 కంటే తగ్గాలా? ఎన్ 50 దాటితే చాలు. ఇంకా తగ్గాలా? ఇంకొంచెం ముందుకెళ్ళండి. ఎంత చిన్న తేడా అడిగినా ఇలాగే కుదురుతుంది. కాబట్టి సగటుల లిమిట్ 1/2. లోపితాల్ రూల్ అవసరమే లేదు.

ఇలాంటి సగటుల్నే రీస్ ఇంకా పెద్ద సిద్ధాంతంగా పెంచాడు. దాని మీద 1952లో 'టిపికల్ మీన్స్' అనే పుస్తకం వచ్చింది. రాసింది ఎవరనుకున్నారు? 1920లో మన మచిలీపట్నంలో పుట్టిన కె. చంద్రశేఖరన్, వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పిన ఎస్. మీనాక్షిసుందరం!

నేను టిక్ పెట్టి వదిలేసిన చోట వాళ్ళు పుస్తకమే రాశారండి. మీ ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే "లిమిట్ లేదు" తర్వాత "మరి సగటుకి?" అని ఒక్కసారి అడిగి చూడండి. మళ్ళీ కలుద్దాం.