పట్యాలా ఒంటిపట్టా రైలు

పాత ఇంజనులను, మోటారు బండ్లను, విమానములను వెదకి వాని పుట్టుపూర్వోత్తరములు తెలిసికొనుట కొందఱకు వేడుక. పాత ఇనుప సామానుల కొట్ల వెనుక తుప్పలలో దూరి త్రుప్పు గీకుచుండు మావంటి వారిని చూచి ఇరుగుపొరుగువారు నవ్వుకొందురు. ఆ నవ్వునకు కారణము లేకపోలేదు. కాని ఈ వేడుకయే లేకున్నచో మన దేశమున నడచిన ఒక విచిత్రమైన రైలు ఆనవాలైనను మిగిలెడిది కాదు.

1907లో పట్యాలా సంస్థానమున కర్నల్ బోల్సు అను ఇంజనీరు ఒక రైలుదారి వేయించెను. దానికి పట్టా ఒక్కటే! యూయింగు పద్ధతి ననుసరించి బండి బరువులో ఇంచుమించు అంతయు పట్టాపై నడచు చిన్న చక్రముల మీద పడును. ఆ చక్రములకు రెండు ప్రక్కలను అంచు లుండును గనుక అవి పట్టా నుండి జారవు. బండి ఒరిగిపోకుండ ఒక వైపున పెద్ద చక్ర మొకటి మామూలు బాటపై దొర్లుచుండును. ఎడ్లబండ్లు పోవు రోడ్డు ప్రక్కనే పట్టా పఱచినచో చాలును. లాగుటకు మహారాజా భూపిందరు సింగు సైన్యమునకై పోషించుచున్న కంచరగాడిదలు ఉండనే ఉండెను. పిమ్మట 1909లో బెర్లిను నగరపు ఓరెన్‌స్టైన్-కోపెల్ కంపెనీవారు చేసిన ఆవిరి ఇంజనులు నాలుగు వచ్చినవి. ధాన్యమును, ప్రయాణికులను మోయుచు ఇరువదేండ్లు నడచి, మోటారు బండ్ల పోటీకి నిలువలేక 1927లో ఆ రైలు ఆగిపోయెను.

1962లో రైళ్ల చరిత్రపై మక్కువగల మైక్ సాటో అను ఆంగ్లేయుడు పట్యాలాలో పబ్లిక్ వర్క్సు శాఖవారి షెడ్డున దాని అవశేషములను కనుగొనెను. అవి మూలబడి అప్పటికి ముప్పదియైదేండ్లు. వానిని తూకమునకు అమ్మివేయుటకు ఎవరో ఒక ఉద్యోగి సంతకము చాలియుండెడిది!

కనుగొనుటతో పని తీరదు. ఇంజనుపై నున్న పేరు పలకను నమ్మి మేము మోసపోయిన సందర్భములు కలవు. మరమ్మతు సమయమున ఒకదాని భాగములు మఱియొకదానికి తగిలించుట కార్ఖానాలలో పరిపాటి. కిరసనాయిలు గుడ్డతో తుడిచిన పిదప కడ్డీలపై కొట్టిన అంకెలు ఒక మాట, పలక ఒక మాట చెప్పుచుండును. అప్పుడు పాత కాగితములే దిక్కు.

సాటో ఢిల్లీలోని జాతీయ రైలు మ్యూజియమునకు సలహాదారుగా పనిచేసెను. 1971 అక్టోబరు 7న దానికి శంకుస్థాపన చేసినవారు మన వి. వి. గిరిగారు. 1977లో దానిని తెఱచిరి. పట్యాలా ఇంజను నొకదానిని అమృతసరు రైల్వే కార్ఖానావారు బాగుచేసి నడచునట్లు చేసిరి. అది ఢిల్లీ చేరినది. మఱియొకటి అమృతసరులోనే నిలిచినది. నాలుగింటిలో దక్కినవి ఈ రెండే.

మన చెంతను ఇట్టి దొకటి కలదు. 1932 జూన్ 15న నిజాం రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిరి. ఆ కాలపు ఆల్బియన్ బస్సు నొకదానిని హైదరాబాదు బస్ భవనమున భద్రపఱచిరి. చూడవచ్చినవారు రంగును, సీట్లను చూచి మరలిపోవుదురు. పాఠకు లెవరైన అటు పోయినచో ఒకమారు వంగి, చట్రముపై అంకెలేమైన కలవేమో చూడుడని మా కోరిక.