సాక్ష్యం దాచని ఆచార్యుడు

మన పిల్లలు లా చదువుతామంటే "కోర్టుల చుట్టూ తిరిగే బతుకెందుకురా?" అని మనమే అడ్డు చెబుతుంటాం. అలాంటప్పుడు ఆచార్య మహమూద్ షరీఫ్ బసియూనీ గారిని తలుచుకోవాలి.

1937లో కైరోలో పుట్టిన వీరు 1964 నుంచి అమెరికాలోని చికాగోలో, డిపాల్ విశ్వవిద్యాలయంలో నాలుగు దశాబ్దాలకు పైగా న్యాయశాస్త్రం బోధించారు. చిత్రహింసల నిషేధ ఒప్పందం ముసాయిదా తయారీలో పాలుపంచుకొన్నారు. 1984లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన ఆ ఒప్పందం ప్రకారం, కొట్టి చెప్పించిన మాట కోర్టులో సాక్ష్యంగా చెల్లదు.

1992లో బోస్నియాలో యుద్ధం రగిలింది. అక్కడి ఘోరాలపై ఐక్యరాజ్యసమితి వేసిన నిపుణుల సంఘంలో వీరు సభ్యులై, 1993లో అధ్యక్షులయ్యారు. సంఘానికి డబ్బు చాలలేదు. అయినా ఆగలేదు. చికాగోలో విద్యార్థులు, వకీళ్లు స్వచ్ఛందంగా కూర్చుని 65,000 పుటల పత్రాలు, 300 గంటల వీడియో భద్రపరిచారు. ఎక్కువగా బలైనది ముస్లింలే. అయినా ముస్లింల పక్షాన జరిగిన నేరాలను కూడా నివేదికలో దాచలేదు. తనకూ తనవారికీ వ్యతిరేకమైనా సాక్ష్యం నిజమే చెప్పాలన్న ఖురాన్ ఆజ్ఞ మనకు తెలిసిందే గదా!

1998లో రోమ్‌లో అంతర్జాతీయ నేర న్యాయస్థాన శాసనం రూపొందినప్పుడు ముసాయిదా సంఘానికి అధ్యక్షులు వీరే. 2017లో కన్నుమూశారు.

అన్యాయం జరిగిందని ఏడ్చి ఊరుకుంటే నాలుగు రోజుల్లో లోకం మరిచిపోతుంది. కాగితం మీద పెడితే నిలుస్తుంది. ఆ పని నేర్చినవాళ్లు మన ఇళ్లలోనూ ఉండాలి. లా చదువుతానన్న బిడ్డను, ఆడపిల్లైనా సరే, ఆపకుండా పంపుదాం.